మెస్సీ టికెట్టు, హబీబ్ గోలు, ఓ మామిడి తోట

మామిడి తోటల ఊళ్ళో పుట్టినవాడికి ఒక లెక్క చిన్నప్పుడే తెలిసిపోతుంది. మా నూజివీడు వైపు తోట కాపు అమ్మడానికి చాలా పద్ధతులున్నాయి. పూత చూసి అమ్మేయొచ్చు. పిందె నిలబడ్డాక అమ్మొచ్చు. లేదా కాయ తయారయ్యేదాకా కాపలా కాసి, కోయించి, నున్న మార్కెట్టుకి తోలుకోవచ్చు. పూత మీద కొన్న వ్యాపారి నెత్తిన బోలెడు రిస్కు ఉంటుంది. తేనెమంచు పురుగు పట్టినా, ఈదురుగాలికి కాయంతా రాలిపోయినా నష్టం అతనిదే. అందుకే బేరం తక్కువలో మొదలెడతాడు. రిస్కు తీసుకునేవాడు తక్కువిస్తాడు, కళ్ళెదురుగా కాయ చూసి కొనేవాడు ఎక్కువిస్తాడు. న్యాయమే కదా.

2025 నవంబర్లో మా ఆఫీసులో ఎక్కడ చూసినా ఒకటే చర్చ. డిసెంబర్ 13న ఉప్పల్ స్టేడియానికి మెస్సీ వస్తున్నాడు, టికెట్టు కొనాలా వద్దా? ధరలు వేలల్లో ఉన్నాయి. మెస్సీతో ఫొటో దిగాలంటే దాదాపు 10 లక్షలని పేపర్లలో వచ్చింది. ఆ వారాంతం ఊరికి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి మా మావయ్యతో చెప్పా.

"ఏరా, ఎంతసేపు ఆడతాడంట?" అన్నాడు.

"మ్యాచ్ లాంటిది కాదు మావయ్యా. కాసేపు కనపడతాడు, నాలుగు బంతులు తంతాడు."

"కనపడ్డానికి అంతా! ఇంకా పూతైనా రాని తోటకి కాయ రేటు అడుగుతున్నార్రా మీ వాళ్ళు."

నేను నవ్వేశాను గానీ ఆ మాట అక్కడే ఉండిపోయింది. టికెట్టు కొనేవాడు రిస్కూ తనే తీసుకుంటాడు, ఎక్కువ ధరా తనే ఇస్తాడు. ఇలాంటి బేరం ఇంకెక్కడైనా ఉందా? అసలు ఖరీదైన ఫుట్‌బాల్ టికెట్టు ఎప్పుడైనా గిట్టుబాటు అవుతుందా? దీనికి సమాధానం వెతుకుతూ పాత చరిత్రలోకి వెళ్తే, విషయం టికెట్టు ధర దగ్గర ఆగకుండా చాలా దూరం లాక్కెళ్ళింది. కొంచెం ఓపిక పట్టండి.

ముందు ఆ డిసెంబర్ 13 సంగతి. అదే రోజు పొద్దున మెస్సీ కలకత్తాలో సాల్ట్ లేక్ స్టేడియానికి వెళ్ళాడు. వేలకు వేలు పోసి వచ్చిన జనానికి అతను సరిగ్గా కనపడనే లేదు. చుట్టూ నాయకులు, ప్రముఖులు, సెల్ఫీల వాళ్ళు. ఇరవై నిమిషాలో ఎంతో ఉండి వెళ్ళిపోయాడు. జనం సీసాలు విసిరారు, కుర్చీలు పీకి మైదానంలోకి విసిరారు. నిర్వాహకుణ్ణి అరెస్ట్ చేశారు. సాయంత్రం మన ఉప్పల్లో మాత్రం అంతా సాఫీగా జరిగింది. మెస్సీతో పాటు స్వారెజ్, డి పాల్ వచ్చారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జెర్సీ వేసుకుని బంతి తన్నారు. జనం సంతోషంగా ఇళ్ళకెళ్ళారు. మా టీంలో వెళ్ళొచ్చినవాళ్ళు సోమవారం వీడియోలు చూపించారు. బాగున్నాయి కూడా.

అయినా ఒక చిన్న సందేహం. కలకత్తా వాళ్ళు మోసపోయామన్నారు, మనవాళ్ళు గిట్టిందన్నారు. కానీ రెండు చోట్లా అమ్మింది ఒకే సరుకు... ఒక మనిషి కనపడటం. ఒకచోట కనపడ్డాడు, ఇంకోచోట కనపడలేదు, అంతే తేడా. ఆట అన్నది ఎక్కడా ఆ టికెట్టులో లేదు.

ఇప్పుడు అదే కలకత్తాలో 48 ఏళ్ళు వెనక్కి వెళ్దాం. 1977 సెప్టెంబర్ 24, ఈడెన్ గార్డెన్స్. పీలే వచ్చాడు. ఒక్కడే రాలేదు, న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో వచ్చాడు. ఎదురుగా మోహన్ బగాన్. వాన పడి తడిసిన మైదానం. అప్పటికి పీలేకి 36 ఏళ్ళు, రిటైర్మెంటుకి వారం దూరంలో ఉన్నాడు. ఆ రోజు కూడా జనం పీలేని చూద్దామనే వచ్చారు, అందులో అనుమానం లేదు. కానీ వాళ్ళకి దొరికింది మ్యాచ్. స్కోరు 2-2. ప్రపంచ కప్పు గెలిచిన బ్రెజిల్ కెప్టెన్ కార్లోస్ అల్బెర్టో ఉన్న జట్టుని ఒక భారతీయ క్లబ్బు నిలబెట్టేసింది.

మోహన్ బగాన్ తరఫున గోల్స్ కొట్టింది ఇద్దరు. ఒకరు శ్యామ్ థాపా. రెండో ఆయన మహమ్మద్ హబీబ్. పక్కా హైదరాబాదీ. 1949లో ఇక్కడే పుట్టాడు, 2023 ఆగస్టు 15న ఇక్కడే పోయాడు. ఆయన తమ్ముడు అక్బర్ కూడా బగాన్ ఆటగాడే. ఇక ఆ రోజు బగాన్ కోచ్ ఎవరంటే పి.కె. బెనర్జీ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అంటే 1977లో పీలే టికెట్టు కొన్నవాడికి పీలేతో పాటు హబీబ్ కూడా దొరికాడు. 2025లో మెస్సీ టికెట్టు కొన్నవాడికి మెస్సీ ఒక్కడే దొరికాడు (దొరికితే!). ఇంతకీ హబీబ్ ఎక్కడ్నుంచి వచ్చాడు? ఆకాశం నుంచి ఊడిపడలేదు. అతని వెనక ముప్పై ఏళ్ళ తోట ఉంది.

ఆ తోటమాలి పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా మనలో చాలామందికి ఈ పేరే తెలీదు. నాకూ తెలీదు, దాచుకోవడం ఎందుకు. 1909లో పుట్టాడు. వృత్తిరీత్యా బడిపంతులు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టులో చాలామందికి పోలీసు శాఖలోనే ఉద్యోగం. ఆ పోలీసు జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తానే అనుకునే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

రహీం సాబ్ పద్ధతులు చూస్తే ఇప్పటి మన ట్రైనింగ్ ప్రోగ్రాములు గుర్తొస్తాయి, కాకపోతే ఇవి పనిచేశాయి :-) కుర్రాళ్ళకి చిన్న చిన్న పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో బంతి తగలగానే ఇంకొకరికి ఇచ్చేయాలి, కాలి దగ్గర పెట్టుకుని విన్యాసాలు చేయకూడదు. ఖర్చులేని పోటీలు, ఖరీదైన ఫలితాలు.

ఆ కుర్రాళ్ళలో ఒకడు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు, తమిళ కుటుంబం, చేతిలో చిల్లిగవ్వ లేదు. ప్రాక్టీసుకి రోజూ అంత దూరం రావడానికి సైకిలు అద్దెకి రహీం సాబే డబ్బులిచ్చేవారని బలరాం తర్వాత రోజుల్లో చెప్పుకున్నాడు. ఆ సైకిలు అద్దె దేశానికి ఎంత లాభం తెచ్చిందో చూడండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం కోచ్‌గా వెళ్ళిన భారత జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్ళింది. చివరికి నాలుగో స్థానం. ఆ జట్టులో బలరాం, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్... అందరూ హైదరాబాద్ ఆటగాళ్ళే. అదే సీజన్ (1956-57), ఆ తర్వాతి సీజన్ కూడా సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. మన వాళ్ళు బలరాం, యూసఫ్ ఖాన్ ఆ జట్టులో ఉన్నారు. మొదటి గోలు కొట్టింది ఎవరు? పి.కె. బెనర్జీ. 15 ఏళ్ళ తర్వాత ఈడెన్ గార్డెన్స్‌లో బగాన్ కోచ్‌గా కూర్చున్నది ఆ పి.కె.యే. రహీం సాబ్ దగ్గర ఆడినవాడు కోచ్, రహీం సాబ్ ఊరి కుర్రాడు గోల్ కొట్టింది పీలే జట్టు మీద. మధ్యలో 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టుకి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాద్ వాడే. అందులో హబీబ్ కూడా ఆడాడు. రహీం 1963లో క్యాన్సర్‌తో పోయాడు. ఆయన నాటిన చెట్లు ఇంకో పదిహేనేళ్ళు కాశాయి.

ఆ తర్వాత? అసలు రహీం బతికున్నప్పుడే వలస మొదలైంది. కాస్త ఆడగలిగిన కుర్రాడు కలకత్తా రైలెక్కేవాడు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు, హబీబ్ 60ల్లో వెళ్ళాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒక్కసారి సంతోష్ ట్రోఫీ వచ్చింది, ఆ తర్వాత మళ్ళీ రాలేదు. ఊళ్ళో క్రికెట్ నిండిపోయింది. బలరాం 2023 ఫిబ్రవరిలో చనిపోయింది కూడా బెంగాల్లోనే, హైదరాబాద్‌లో కాదు.

ఇక్కడిదాకా చదివి "ఆ రోజులు వేరు గురూ" అనేవాళ్ళుంటారు. నేనూ అదే అనుకున్నా, మన రోజుల సంగతి లెక్కేసుకునేదాకా.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సి పుట్టింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో మన జట్టు. సొంత మైదానం ఎక్కడనుకున్నారు? గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన స్టేడియం అది. చుట్టూ ఉన్నవన్నీ మన ఆఫీసులే. చాలామందిమి క్యాబ్ కోసం ఎదురుచూసే టైములో నడిచి వెళ్ళిపోవచ్చు. టికెట్టు వందల్లోనే. మన ఫుడ్ కోర్టులో ఇద్దరు తినే బిల్లంత.

మొదటి సీజన్లో చిట్టచివరి స్థానం. తర్వాత రెండు సీజన్లు కరోనా వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. ఆ టైములో స్పెయిన్ నుంచి వచ్చిన కోచ్ మనోలో మార్క్వెజ్ ఈ జట్టుని అద్భుతంగా తయారుచేశాడు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. స్టేడియం అంతా పసుపు చొక్కాలే, కేరళ నుంచి తరలివచ్చిన జనం. 68వ నిమిషంలో వాళ్ళు గోల్ కొట్టారు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీలలో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. ఛాంపియన్లం!

నేనా మ్యాచ్ నూజివీడులో, వర్క్ ఫ్రమ్ హోం రోజుల్లో టీవీలో చూశా. తోటల్లో పిందె దిగుతున్న రోజులు. ఇంట్లో ఒక్కడినే గంతులేస్తుంటే మా అమ్మ "ఏ ఊరి జట్టురా?" అంది. "మనదేనమ్మా, హైదరాబాద్" అన్నా గర్వంగా. ఆఫీసు తెరిచాక ప్రతి మ్యాచ్‌కీ వెళ్ళాలని ఆ రోజే అనుకున్నా.

ఆఫీసు తెరిచారు. 2022 అక్టోబర్ నుంచి గచ్చిబౌలిలో మళ్ళీ మ్యాచ్‌లు మొదలయ్యాయి. ఆ సీజన్లో మన జట్టు లీగ్‌లో రెండో స్థానం. నేనెన్ని మ్యాచ్‌లకి వెళ్ళాను? సున్నా. ఒకరోజు రిలీజ్, ఒకరోజు క్లయింట్ కాల్, ఒకరోజు వాన, చాలా రోజులు ఊరికే బద్ధకం. స్టేడియం లైట్లు మాత్రం మా ఆఫీసు ఆరో అంతస్తు నుంచి కనపడేవి. కాఫీ తాగుతూ చూసేవాణ్ణి.

తర్వాత కథ వేగంగా ముగిసింది. 2023-24లో జీతాల బకాయిలు, ఆటగాళ్ళని కొనకుండా ఫిఫా నిషేధం, విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం. సీజన్ మొత్తం మీద గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. 2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయ్యింది. ఛాంపియన్ అయిన మూడున్నరేళ్ళకి హైదరాబాద్ ఎఫ్‌సి అన్నదే లేదు. ఊళ్ళో ఒక్క ధర్నా జరిగినట్టు నాకైతే కనపడలేదు. సరిగ్గా రెండు నెలలకి అదే ఊళ్ళో మెస్సీ టికెట్టు కోసం పరుగులు.

నిజాయితీగా ఒక మాట చెప్పాలి. నేనూ నాలాంటి పదివేల మందీ టికెట్టు కొన్నా ఆ క్లబ్బు అప్పులు తీరేవి కావు. మన దేశంలో క్లబ్బులు నడిచేది యజమానుల డబ్బుతో, స్పాన్సర్లతో. గేటు దగ్గర వచ్చేది ఆ లెక్కలో చాలా చిన్నది. కాబట్టి "మనం కొని ఉంటే జట్టు బతికేది" అని ఏడవను. కానీ నిండిన స్టేడియం ఉన్న జట్టుని ఊరు దాటించాలంటే ఏ యజమానైనా రెండుసార్లు ఆలోచిస్తాడు. ఖాళీ కుర్చీలు అడ్డం పడవు కదా.

జనం అడ్డం పడితే ఎలా ఉంటుందో చూడాలంటే లివర్‌పూల్ సంగతి ఉంది. 2016లో ఆ క్లబ్బు వాళ్ళు అత్యధిక టికెట్టు ధర 77 పౌండ్లకి పెంచుతామన్నారు. ఫిబ్రవరి 6న సండర్‌ల్యాండ్‌తో మ్యాచ్ జరుగుతుండగా సరిగ్గా 77వ నిమిషంలో వేలమంది అభిమానులు లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0తో గెలుస్తున్న జట్టు చివరికి 2-2 చేసుకుంది. నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి పెంపు వెనక్కి తీసుకున్నారు. ఖరీదైన టికెట్టుని ఎదిరించగలిగినవాళ్ళు ఎవరంటే, ప్రతివారం టికెట్టు కొనేవాళ్ళు. ఏడాదికోసారి వచ్చేవాడు లేచి వెళ్ళిపోతే ఎవరికి నష్టం?

స్టార్ల కోసం టికెట్టు కొనే జనంతో లీగ్ నిలబడుతుందా అంటే, దానికీ చరిత్రలో జవాబుంది. మళ్ళీ పీలే దగ్గరికే వెళ్ళాలి. కలకత్తా మ్యాచ్ అయిన వారానికి, 1977 అక్టోబర్ 1న, పీలే ఆఖరి ఆట న్యూజెర్సీలో ఈస్ట్ రూథర్‌ఫర్డ్ జెయింట్స్ స్టేడియంలో జరిగింది. ఒక సగం కాస్మోస్‌కి, ఇంకో సగం తన పాత జట్టు సాంటోస్‌కి ఆడాడు. ఆ ఏడు ఆగస్టులో అదే స్టేడియంలో కాస్మోస్ మ్యాచ్‌కి 77,691 మంది వచ్చారు. అమెరికాలో ఫుట్‌బాల్ స్థిరపడిపోయిందన్నారు. 1984 సీజన్ తర్వాత ఆ లీగే మూతపడింది. పీలేలు వచ్చారు, వెళ్ళారు. కింద వేళ్ళు పట్టలేదు. మళ్ళీ ఇంకో పెద్ద లీగ్ మొదలవడానికి 1996 దాకా పట్టింది.

ఎడిసన్ వైపు ఉన్న మనవాళ్ళకి ఆ చోటు బాగా తెలుసు. పాత జెయింట్స్ స్టేడియం 2010లో కూల్చేశారు, పక్కనే మెట్‌లైఫ్ వచ్చింది. 2026 ప్రపంచ కప్పు ఫైనల్‌కి వేదికగా దాన్నే ఎంచుకున్నారు. 2025 అక్టోబర్లో అమ్మకాలు మొదలైనప్పుడు ఫైనల్ టికెట్టు పై ధర 6,730 డాలర్లు. గిరాకీని బట్టి ధర పెరిగే పద్ధతి, మన పండగ విమానం టికెట్ల లాగా. అభిమానులు గోల చేస్తే డిసెంబర్లో కొన్ని టికెట్లు 60 డాలర్లకి పెట్టారు. అవి చాలా కొద్ది. మా ఫ్రెండొకడు అక్కడ్నుంచి "కొననా?" అని మెసేజ్ పెట్టాడు. వాడికి రాసిన జవాబే ఇక్కడ కూడా రాస్తున్నా.

ధర చూసి చెప్పలేం. టికెట్టులో ఏముందో చూడాలి. అందులో రెండు జట్లు ఉన్నాయా, ఫలితం ముందే తెలియని ఆట ఉందా? ఉంటే ఖరీదైనా ఒక మాట. ప్రపంచ కప్పు ఫైనల్లో అది ఉంటుంది, జేబు భరిస్తే కొనుక్కో. మ్యాచ్ చప్పగా సాగినా అది ఆటే, మోసం కాదు. మనిషి కనపడటానికి మాత్రమే అయితే ఆ డబ్బుతో టీవీ కొనుక్కో, ఇంకా బాగా కనపడతాడు. ఇక రెండో ప్రశ్న, ఇది నన్ను నేను వేసుకున్నది. ఈ ఖరీదైన టికెట్టు కొనేముందు నీ ఊళ్ళో చవక టికెట్లు ఎన్ని కొన్నావు?

ఈ రెండో ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. 2024 డిసెంబర్ 31 రాత్రి గచ్చిబౌలిలోనే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బెంగాల్ 1-0తో కేరళ మీద గెలిచింది. 60లు దాటాక మనకి అందని ట్రోఫీ అది, మన గుమ్మంలోకి వచ్చింది. ఆ రాత్రి నేను రెండు కిలోమీటర్ల దూరంలో న్యూ ఇయర్ పార్టీలో ఉన్నా. ఆ పార్టీ టికెట్టు మాత్రం ఖరీదైనదే :-(

ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మావయ్యకి ఈ కథంతా చెప్పా. రహీం సాబ్ సైకిలు అద్దె దగ్గర మాత్రం ఆపి మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత తోటలోకి తీసుకెళ్ళి రసాల చెట్టొకటి చూపించాడు. వాళ్ళ నాన్న నాటిందట. "దీని కాయ తిని మెచ్చుకున్నోళ్ళు వందమంది ఉన్నార్రా. దీనికి నీళ్ళు మోసింది ముగ్గురం" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. పూత అప్పుడప్పుడే విచ్చుకుంటోంది.

హైదరాబాద్ ఎఫ్‌సి వెళ్ళిపోయింది గానీ ఊళ్ళో ఫుట్‌బాల్ పూర్తిగా చచ్చిపోలేదు. అజీజ్ నగర్ డెక్కన్ ఎరీనా సొంత మైదానంగా శ్రీనిధి డెక్కన్ జట్టు 2021లో ఐ-లీగ్‌లోకి వచ్చింది. 2022-23, 2023-24 రెండు సీజన్లలోనూ రెండో స్థానంలో నిలిచింది. మనలో ఎంతమందికి తెలుసు? ఈసారి నేను వెళ్తున్నా. ఎవరికీ చెప్పకుండా అనుకుంటే మళ్ళీ బద్ధకిస్తానని పదిమందిలో చెప్తున్నా. గచ్చిబౌలి వైపు నుంచి ఎవరైనా వస్తానంటే చెప్పండి, కార్లో ఇంకో ముగ్గురికి చోటుంది. పార్కింగు మాత్రం మీరే చూసుకోవాలి :-)